ఓగు మంచం దాటేసి గాండాల్ఫ్ మీద కోపమా?



ఈ మధ్య మన సంఘాల ఫోన్లలో ఒక వర్తమానం తిరుగుతోంది. లేని దేశాలు, లేని రాజవంశాలు, లేని భాషలు కల్పించి వందల పేజీలు రాసే ఇంగ్లీషు నవలలు సాతాను తంత్రమనీ, క్రైస్తవ యౌవనస్థులు వాటిని ముట్టకూడదనీ దాని సారాంశం. మూడు కారణాలు చెబుతున్నారు. అవి అబద్ధాలట, మంత్రవిద్యట, బాధ్యతల నుండి పారిపోవడమట. మేము ఈ మూడింటిలో ఒక్కదాన్నీ ఒప్పుకోము. అంతటితో ఊరుకోకుండా, ఆ మాట చెబుతున్న తోటి సేవకులను ఒక ప్రశ్న అడగదలచుకున్నాము. అయ్యగార్లూ, పిల్లలు అక్కడికి ఎందుకు వెళ్తున్నారు? ఇక్కడ ఏది దొరకక వెళ్తున్నారు?

గాలిలో మాట్లాడుకోవడం ఎందుకు, ఒక్క రచయితను తీసుకుందాం. ఈ తరహా నవలలకు ఇప్పటికీ పెద్ద దిక్కు టోల్కీన్. ఇంగ్లీషు దంపతుల కొడుకు. 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయాడు. పన్నెండేళ్ళప్పుడు తల్లి పోయింది, చక్కెర వ్యాధితో, ఇన్సులిన్ ఇంకా రాని రోజుల్లో. ఆమె 1900లో కేథలిక్ సంఘంలో చేరింది, దాంతో బంధువులు డబ్బు సాయం మానేశారు. చనిపోయే ముందు ఇద్దరు కొడుకులనూ ఒక ఫాదర్ గారికి అప్పగించింది. కొడుక్కి మొదట లాటిన్ నేర్పింది ఆ తల్లే. మేము ప్రొటెస్టెంట్లం, మరియమ్మ విషయంలోనూ పోపు విషయంలోనూ ఆయనతో మాకు పేచీ ఉంది. అది ఉంటూనే ఉంటుంది. కాని విశ్వాసం కోసం నష్టపోయిన తల్లి కడుపున పుట్టినవాణ్ణి సాతాను ఏజెంటు అని పిలిచే ముందు కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి.

పెద్దయ్యాక ఆయన మాటల చరిత్ర చదివే పండితుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కొంతకాలం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆఫీసులో డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే మాటలు ఎక్కడ పుట్టి ఎలా మారాయో తేల్చే ఉద్యోగం చేశాడు. 1925 నుండి 1959 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. 1937లో పిల్లల కోసం 'ది హాబిట్' అనే పుస్తకం వచ్చింది. 1954, 1955 సంవత్సరాల్లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలుగా వచ్చింది. మీలో చాలామంది సినిమాగా చూసింది దాన్నే.

ఆయన ముందు కథ అల్లుకుని, దానికి రంగు పూయడానికి భాషలు కల్పించాడని అందరూ అనుకుంటారు. జరిగింది తలకిందులు. చిన్నప్పటి నుండే సొంతంగా భాషలు అల్లడం ఆయనకు పిచ్చి. విద్యార్థిగా ఉన్నప్పుడు ఫిన్నిష్ భాష వ్యాకరణం ఒకటి చేతికి దొరికితే, మత్తు తలకెక్కినట్టు అయిపోయాడు. ఆ భాష ధ్వనులు మనసులో పెట్టుకుని క్వెన్యా అనే భాషను, వెల్ష్ ధ్వనులు మనసులో పెట్టుకుని సిందారిన్ అనే భాషను కట్టుకున్నాడు. కట్టాక ఆయనకు ఒక సంగతి అర్థమైంది. మాట్లాడే జనం లేని భాష బతకదు. ఆ జనానికి ఒక ఊరు కావాలి, ఊరికి ఒక చరిత్ర కావాలి, చరిత్రలో వలసలూ యుద్ధాలూ చావులూ కావాలి. అలా భాషకు ఇల్లు కట్టబోతే కథ వచ్చింది. ఈ మాట ఆయనే తన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు.

మన భాషలోంచే ఒక పోలిక చెబుతాము. తమిళులు కోడిని కోళి అంటారు, ఏడును ఏళు అంటారు. ఆ 'ళ'ను నాలుక బాగా మడిచి పలుకుతారు. వాళ్ళు అలా పలికే చాలా మాటల్లో మనం 'డ' పలుకుతాం. ఒకే తల్లి మాట రెండు ఇళ్ళకు కోడలిగా వెళ్ళి రెండు రకాలుగా మారిందన్నమాట. ఎవరో కూర్చుని ఆ మార్పు చేయలేదు, వందల ఏళ్ళలో దానంతట అది జరిగింది. ఎవరూ ఎన్నడూ మాట్లాడని భాషలకు టోల్కీన్ ఇలాంటి మార్పులనే నియమాలు పెట్టి మరీ జరిపించాడు. అందుకే ఆయన నవలలో ఒక కొండ పేరు, ఒక నది పేరు చెవిన పడగానే ఇది ఇప్పుడే పుట్టిన పేరు కాదనిపిస్తుంది. చివరి సంపుటం వెనక అనుబంధాలున్నాయి. రాజుల వరుసలు, సంవత్సరాల పట్టిక, కుటుంబ వృక్షాలు, పంచాంగాలు, లిపులు, భాషల గురించి వివరణ. కథ అయిపోయాక కూడా పిల్లలు వాటిని వేలు పెట్టి చదువుతారు. ఇదెక్కడి విడ్డూరమని అడిగే తల్లులున్నారు. అమ్మా, విడ్డూరం కాదు. బస్సులో వెళ్తూ కొండవీటి కొండ మీద పాత గోడలు చూస్తే మనసు అటు లాగుతుందే, అదే ఇది. పైకి ఎక్కి చూడకపోయినా, అక్కడ ఎవరో బతికి పోయారన్న ఆ భావమే మనల్ని పట్టుకుంటుంది. దూరంగా కనబడే, చేరలేని ఆ గోడల మీదే ఈ నవలల ఆకర్షణంతా నిలబడి ఉంది.

ఇది ఇంగ్లీషు మీడియం పిల్లల జబ్బు అని కూడా అనకండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకర దేవత' సీరియళ్ళ కోసం నెలంతా ఎదురుచూసిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. 2015లో బాహుబలి సినిమా వచ్చాక కాలకేయుల కిలికి భాషను మన వీధుల్లో గోలీలాడే పిల్లలు కూడా పలికారు. దాన్ని మదన్ కార్కి అనే తమిళ రచయిత కట్టారు. అప్పుడు ఎవరూ ఉపవాస ప్రార్థన పెట్టలేదు మరి.

ఇక మొదటి నింద, అబద్ధం. అబద్ధమంటే ఎదుటివాడు నిజమని నమ్మి మోసపోవాలని చెప్పేది. ఇది నవల అని అట్ట మీదే రాసి ఇచ్చినవాడు ఎవర్ని మోసం చేశాడు? న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయం తీయండి. యోతాము గెరిజీము కొండ మీద నిలబడి ఒక కథ చెప్పాడు. చెట్లన్నీ తమకొక రాజు కావాలని బయలుదేరి ఒలీవ చెట్టునూ అంజూరపు చెట్టునూ ద్రాక్షావల్లినీ బతిమాలి, చివరికి ముళ్ళపొద దగ్గరికి వెళ్ళిన కథ. టోల్కీన్ నవలలో చెట్లలాంటి కాపరులు నడుస్తారు, మాట్లాడతారు. యోతాము చెట్లయితే ఏకంగా ఎలక్షన్ పెట్టుకున్నాయి! నాతాను ప్రవక్త దావీదు ముందు చెప్పిన గొర్రెపిల్ల సంగతి కూడా కల్పితమే. దావీదు పాపం దేనితో బయటపడింది? ఆ కల్పిత కథతోనే. అబద్ధాల మీద నిజంగా రోషముంటే చూపించడానికి వేరే చోటుంది. ఒక్క ప్రార్థనతో అప్పులు తీరాయని, క్యాన్సర్ గడ్డ మాయమైందని ఊరూ పేరూ లేని సాక్ష్యాలు పీఠం మీద నుండి వినబడుతున్నాయి. వాటి అట్ట మీద నవల అని రాసి ఉండదు.

రెండోది మంత్రవిద్య. ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయంలో దేవుడు సోదె చెప్పేవాణ్ణి, కర్ణపిశాచిని అడిగేవాణ్ణి నిషేధించాడు. మేము ఆ మాటకు బద్ధులం. అందుకే ఈ నవలను ఆ మాట పక్కన పెట్టి చూడమంటున్నాము. ఇందులో దూరాన జరిగేవి చూపించే రాళ్ళున్నాయి. వాటిలోకి తొంగిచూసిన సారుమాన్ అనే జ్ఞాని శత్రువుకు బానిసవుతాడు. దెనెతోర్ అనే పాలకుడు అవి చూపిందే నమ్మి, నిరాశలో పడి, తనను తాను కాల్చుకుని చస్తాడు. ఏన్దోరులో సోదె అడిగి నేలకూలిన సౌలు గుర్తుకు రావడం లేదూ? ఇక ఉంగరం. ఇతరుల చిత్తాన్ని లొంగదీసే శక్తి దానిది. గాండాల్ఫ్‌ను మాంత్రికుడంటారు గాని, రచయిత ఇచ్చిన వివరం ప్రకారం అతను పంపబడిన దూత. బలానికి బలంతో ఎదురు నిలవకూడదని, భయపెట్టి మనుషులను లొంగదీయకూడదని అతనికి ఆజ్ఞ. ఉంగరం నీకే ఇస్తానని ఫ్రోడో అంటే గాండాల్ఫ్ వణికిపోయి వద్దంటాడు. మంచి చేయాలనే కోరికతోనే దాన్ని వాడి చెడిపోతానని అతని భయం. ఈ ఘట్టం చదివిన పిల్ల మంత్రశక్తిని కోరుకుంటుందా, చూసి భయపడుతుందా? చదివి చెప్పండి. చదవకుండా మాత్రం చెప్పొద్దు.

ఆదివారం ఆరాధన కాగానే ప్రార్థించిన నూనె సీసాలు వెలకట్టి అమ్మేవాళ్ళు, గుమ్మానికి కట్టుకోమని రుమాళ్ళు పంచేవాళ్ళు గాండాల్ఫ్ చేతికర్ర మీద వర్తమానం చెప్పడం మాకు నవ్వు తెప్పించింది. నవ్వు వెనకే బాధ కూడా వచ్చింది.

మూడోది పారిపోవడం. ఈ నింద పాతదే. 1956లో ఎడ్మండ్ విల్సన్ అనే పేరుమోసిన అమెరికన్ విమర్శకుడు ఈ నవలను చిన్నపిల్లల చెత్త అన్న ధోరణిలో తీసిపారేశాడు. మన దైవజనులూ ఆ నాస్తిక విమర్శకుడూ ఒకే మాట మీద నిలబడడం చిత్రమే. టోల్కీన్ జవాబు అంతకుముందే ఉంది. 1939లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో ఆయన వివరించాడు. చెరసాలలో ఉన్నవాడు ఇల్లు తలచుకోవడం వేరు, యుద్ధం వదిలి సిపాయి పారిపోవడం వేరు. ఆ రెంటినీ కలిపి ఒకే మాటతో తిట్టకూడదని ఆయన వాదన. ఈ తేడా ఆయనకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. 1916లో ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర జరిగిన పోరులో ఆయన సైనికాధికారి. కందకాల్లో పేలు కుట్టి వచ్చే జ్వరంతో ఇంటికి చేరాడు. 1918 వచ్చేసరికి దగ్గరి స్నేహితుల్లో ఒక్కడు తప్ప అందరూ పోయారు. తన కల్పిత లోకం తొలి కథల్లో ఒకటైన ఒక పట్టణ పతనం కథను రాసింది ఆ జ్వరం నుండి కోలుకుంటూనే. బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును తలచుకున్నవాళ్ళను మనం పారిపోయినవాళ్ళంటామా?

నవల ముగింపు కూడా చూడండి. ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేయడానికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళిన ఫ్రోడో, ఆఖరి అంచున నిలబడి ఓడిపోతాడు. పడేయను, ఇది నాదే అంటాడు. ఎన్నోసార్లు చంపదగినప్పుడు కూడా చంపకుండా జాలి తలచి వదిలేసిన గొల్లమ్ వచ్చి, అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, కాలుజారి దానితోసహా నిప్పులో పడతాడు. అంటే లోకాన్ని కాపాడింది వీరుడి పట్టుదల కాదు. ఎప్పుడో చూపిన కనికరం అక్కరకు వచ్చింది. పైగా ఇంటికి తిరిగి వచ్చిన ఫ్రోడోకు గాయం మానదు. ప్రతి ఏడూ అదే తేదీకి నొప్పి తిరగబెడుతుంది. సుఖంగా పారిపోదామని వచ్చిన పాఠకుడికి ఇచ్చే ముగింపా ఇది? మనుషుల శక్తి చివరి అంచున చాలదని ఇంత సూటిగా చెప్పే వర్తమానాలు మన కన్వెన్షన్లలో ఎన్ని విన్నాము?

ఇంత వాదించడానికి కారణం ఉంది. మా ప్రాంతంలో ఒక విశ్వాసి, మంచివాడు, కూలి డబ్బుతో కూతుర్ని ఇంజనీరింగ్ చదివిస్తున్నవాడు, ఆ వర్తమానం విని సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయి సంచిలోని నవలను పొయ్యిలో పెట్టాడు. అది ఆమెది కూడా కాదు, కాలేజీ లైబ్రరీది. ఆమె అపరాధ రుసుము కట్టుకుంది. అది పెద్ద సంగతి కాదు. ఆ తర్వాత వచ్చిన రెండు సెలవులకూ ఆమె ఆరాధనకు రాలేదు. అది పెద్ద సంగతి. మేము వెళ్ళి కూర్చుని, అమ్మా, ఆ పుస్తకంలో నీకు ఏం నచ్చిందని అడిగాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది: "అందులో ప్రతి మనిషికీ తన ముందు తరాల పేర్లు తెలుసు అయ్యగారూ. మాకు తాత పేరు దాటితే తెలియదు."

సేవకులారా, ఈ మాటకు మీ దగ్గర జవాబుందా?

మన సంఘాల్లో ఎక్కువమంది ఎవరో మనకు తెలుసు. ఊరి చివర వాడల్లోంచి వచ్చిన జనం. గుళ్ళ శాసనాల్లో వాళ్ళ పేర్లు చెక్కలేదు. కైఫీయతులు రాసినవాళ్ళు వాళ్ళ ఇంటి వంశవృక్షం అడగలేదు. అయినా వాళ్ళకు చరిత్ర ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి కొన్నేళ్ళ ముందే యర్రగుంట్ల పేరయ్య గారు విశ్వాసంలోకి వచ్చి, ఊరూరా నడిచి సువార్త చెప్పారు. ఆ రోజు నదిలో దిగిన ప్రతివాడికీ ఒక పేరుంది, ఊరుంది, విడిచి వచ్చిందీ ఉంది. అలాంటి పాత రిజిస్టర్లు ఎన్ని మిషన్ బంగళాల అటకల మీద చెదలు తింటున్నాయో! గోండోరు రాజుల వరుస గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లవాడికి తన ముత్తవ్వ ఏ నీళ్ళలో మునిగి లేచిందో తెలియదు. ఇది టోల్కీన్ తప్పు ఎలా అవుతుంది? ఆయన పేర్లు అల్లి ఇచ్చాడు. ఇక్కడ ఉన్న పేర్లనే ఎవరూ పిల్లలకు ఇవ్వలేదు.

బైబిలును చేస్తున్నదీ ఇదే. మొదటి దినవృత్తాంతములలో మొదటి తొమ్మిది అధ్యాయాలు పేర్ల మీద పేర్లు. పీఠాలు వాటిని దాటేస్తాయి. ఒక్క యబ్బేజు దగ్గర మాత్రం బండి ఆపుతాయి, ఎందుకంటే అక్కడ సరిహద్దులు విశాలం కావడం ఉంది, దాన్ని స్థలాలకూ కార్లకూ అన్వయించుకోవచ్చు. అదే నాలుగో అధ్యాయంలో సన్నపు నారబట్టలు నేసేవారి ఇంటివాళ్ళున్నారు. రాజు పని మీద, రాజు దగ్గర కాపురమున్న కుమ్మరులున్నారు. మగ్గం గుంటలో కూర్చున్న తాతల మనవలకు, సారె తిప్పిన చేతుల మనవలకు ఆ వచనాలు చదివి వినిపించారా? రెండో అధ్యాయంలో షేషాను అనేవాడికి కొడుకులు లేరు. తన కూతుర్ని యర్హా అనే ఐగుప్తు దాసుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ దాసుడి సంతతి పేర్లన్నీ యూదా గోత్రపు పట్టీలో వరుసగా ఎక్కాయి. ఏడో అధ్యాయంలో షెయెరా అనే ఆడపిల్ల పట్టణాలు కట్టించింది. ఒకదానికి ఆమె పేరే వచ్చింది. ఆ పైనే ఎఫ్రాయిము గాతువారి చేతిలో చచ్చిన కొడుకుల కోసం చాలా రోజులు ఏడ్చి, తర్వాత పుట్టినవాడికి ఆ కీడు గుర్తుగా బెరీయా అని పేరు పెట్టుకున్నాడు. ఇవన్నీ పేర్ల పట్టిక మధ్యలో, ఒక్కో వచనంలో, తలుపు సందులోంచి కనబడే దీపాల్లా ఉన్నాయి. ఆ తలుపు తీయకుండా, ఏడాదికి ఒక వాగ్దానపు కార్డు చేతిలో పెట్టి పంపిస్తే, తీసిన తలుపు ఎక్కడుంటే పిల్లలు అక్కడికి వెళ్తారు.

ద్వితీయోపదేశకాండము రెండు, మూడు అధ్యాయాలు చదవండి. ఇశ్రాయేలీయుల కంటే ముందు ఆ నేల మీద ఏమీయులు ఉండేవారు, జంజుమ్మీయులు ఉండేవారు, ఎత్తయిన జనం, పోయారు. హెర్మోను కొండను సీదోనీయులు ఒక పేరుతో, అమోరీయులు మరో పేరుతో పిలుస్తారట. మోషే యుద్ధ సంగతులు చెబుతూ మధ్యలో ఆగి ఈ పేర్లు ఎందుకు చెప్పాలి? బాషాను రాజైన ఓగుకు ఇనుప మంచం ఉంది. తొమ్మిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. అది ఇంకా రబ్బాలో ఉంది కదా అని వాక్యం మనల్నే అడుగుతుంది! గలేదు అని యాకోబు పేరు పెట్టిన రాళ్ళకుప్పకు లాబాను తన అరామిక్ భాషలో వేరే పేరు పెట్టాడు. ఒకే కుప్ప, ఇద్దరు మనుషులు, రెండు భాషలు. ఎఫ్రాయిమీయులు 'షిబ్బోలెతు' పలకలేక 'సిబ్బోలెతు' అని యొర్దాను రేవుల దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నారు. యాషారు గ్రంథమని ఒకటి, యెహోవా యుద్ధముల గ్రంథమని ఒకటి బైబిల్లోనే పేరు వినబడతాయి, కాని నేడు ఎవరి దగ్గరా లేవు. దానియేలు రెండో అధ్యాయం మధ్యలో హెబ్రీ ఆగిపోయి అరామిక్ మొదలవుతుంది, ఏడో అధ్యాయం చివరిదాకా అదే. మన ప్రభువు యాయీరు కూతురి చేయి పట్టుకుని పలికిన మాటను గ్రీకులో రాస్తున్న మార్కు అనువదించాడు, కాని ఆ అరామిక్ మాటను కూడా అలాగే ఉంచాడు. ఆ పిల్ల చెవిన పడిన శబ్దం అది.

టోల్కీన్ యాభై ఏళ్ళకు పైగా కష్టపడి అల్లిన లోతు ఇది. మన చేతిలో అల్లిక అక్కరలేకుండానే ఉంది. నిజంగా జరిగింది, నిజంగా తవ్వితే బయటపడేది. దీన్ని బోసిగా చేసి, పైపై మాటలు నాలుగు మిగిల్చి, ఆ తర్వాత పిల్లలు కల్పిత చరిత్రకు ఆశపడుతున్నారని కోప్పడడం ఏం న్యాయం? ఇంట్లో అన్నం వండకుండా పక్కింట్లో తిన్నాడని కొడుకును కొట్టినట్టుంది.

ఇంకో గుంపు ఉంది, వాళ్ళతో కూడా మాకు పొత్తు కుదరదు. పట్టణాల్లో కొందరు యువ బోధకులు గాండాల్ఫ్ చచ్చి తిరిగి రావడమే యేసు పునరుత్థానమని, ఫ్రోడో మోసే ఉంగరమే సిలువ అని స్లైడ్లు వేసి చెబుతున్నారు. పుస్తకాన్ని ఇలా పిండడం రచయితకే ఇష్టం లేదు. ఈ కథలో గూఢార్థపు ఉపమానం ఏదీ లేదని, అలాంటి రచన తనకు గిట్టదని రెండో ముద్రణ ముందుమాటలోనే చెప్పాడు. ఆయన విశ్వాసం అందులో లేదని కాదు. ఉప్పులా కలిసి ఉంది. ఉంగరం నాశనమైన తేదీ మార్చి 25 అని అనుబంధంలో ఉంటుంది. పాత సంఘాలు గబ్రియేలు మరియకు వార్త చెప్పిన దినంగా ఆచరించే తేదీ అది. ఆయన ఎక్కడా దాన్ని డప్పు కొట్టి చెప్పలేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: 1966లో వచ్చిన ఇంగ్లీషు జెరూసలేము బైబిలులో యోనా గ్రంథాన్ని అనువదించింది ఈ టోల్కీనే. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి తన స్నేహితుడు సి. ఎస్. లూయిస్‌తో నడుస్తూ, పురాణ కథలను అబద్ధాలని కొట్టిపారేయకూడదనీ, క్రీస్తు కథలో అవి నిజంగా జరిగాయనీ వాదించినవాడూ ఆయనే. కొద్ది రోజులకే లూయిస్ క్రీస్తును ఒప్పుకున్నాడు. ఆ లూయిస్ పుస్తకాల్లోంచి ఉదాహరణలు ఎత్తుకుని మన కన్వెన్షన్లలో చెబుతారు, పేరు చెప్పకుండా.

అన్నీ చదవమని మేము అనము. ఈ తరహాలో వచ్చినవన్నీ ఒక్క తూకానివి కావు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే సీరియల్లో కూడా కల్పిత భాషలున్నాయి, వంశాలున్నాయి. దానితో పాటు ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని చూడలేనివీ చాలా ఉన్నాయి. అది పిల్లలకు వద్దని చెప్పడానికి మాకు మొహమాటం లేదు. పెద్ద మాయ ఇంకొకటుంది. ఆ లోకంలో ఉండిపోవడం. కల్పిత భాషలో కవిత్వం రాయగల కుర్రవాడు మంచం పట్టిన నాయనమ్మతో పది నిమిషాలు మాట్లాడకపోవడం. దీని మీద కూడా టోల్కీనే మనకంటే ముందు రాశాడు. 1945లో అచ్చయిన చిన్న కథ అది. నిగిల్ అనే చిత్రకారుడు ఒక చెట్టు బొమ్మ వేస్తుంటాడు. ఒక్కో ఆకూ సరిచేసుకుంటూ ఎన్నటికీ పూర్తి చేయలేడు. తప్పని ప్రయాణం ఒకటి ముందుందని అతనికి తెలుసు. పక్కింటి కుంటి మనిషి వచ్చి, భార్యకు జ్వరం, గాలివానకు ఇంటి కప్పు పెంకులు ఎగిరిపోయాయి అంటాడు. నిగిల్ లోపల విసుక్కుంటూనే వానలో సైకిలు తొక్కుకుంటూ డాక్టరు కోసం వెళ్తాడు, తడిసి జబ్బుపడతాడు. తర్వాత అధికారి ఒకడు వచ్చి, పక్కింటి కప్పు కారుతుంటే ఇంత పెద్ద గుడ్డ నీ దగ్గర ఉంది కదా, దాన్ని కప్పడానికి ఎందుకు వాడలేదని నిలదీస్తాడు. గుడ్డ అంటే ఆ బొమ్మే! లోకాలు అల్లడంలో జీవితం గడిపిన మనిషి తనమీద తానే వేసుకున్న కేసు అది. అందులో తీర్పు ఏమైందో ఇక్కడ చెప్పము, మీరే చదవండి. తల్లిదండ్రులు కూడా చదవదగిన పొట్టి కథ.

వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం ఆరు గంటలకు యౌవనస్థుల కూడికలో ద్వితీయోపదేశకాండము మొదటి మూడు అధ్యాయాలు గట్టిగా చదువుతాము, పేర్లు ఒక్కటీ దాటకుండా. గోడకు పటం కడతాము. తొమ్మిది మూరలు కొలిచి ముగ్గుతో నేల మీద ఓగు మంచం గీద్దాం, చిన్నపిల్లలను కూడా పంపండి. పెద్దలు తమ ఇళ్ళల్లో ఉన్న పాత బాప్తిస్మపు కాగితాలు, పెళ్ళి రసీదులు, మిషన్ బడి సర్టిఫికెట్లు ఏవి దొరికినా పట్టుకుని రండి. ఒక పెద్ద పుస్తకం కొన్నాము, అందులో పేర్లు ఎక్కిద్దాం. తాత పేరు దాటి ఎంత వెనక్కి వెళ్ళగలిగితే అంత. ఆ వర్తమానం పంపిన సహోదరులు కూడా వస్తే సంతోషం, వాదన అక్కడే పెట్టుకుందాం. టోల్కీన్ నవల చదువుతున్న పిల్లలు దాన్ని దుప్పటి కింద దాచి రానక్కరలేదు. తెచ్చుకోండి, వెనక ఉన్న అనుబంధాలు మాకూ చూడాలని ఉంది.